దొంగకు రాసే 'అలియాస్' మనిషికెందుకు?

(మండల కేంద్రంలో జరిగిన అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి. మా అయ్యకు అక్షరం రాదు. అయినా పొద్దున్నే హోటల్ కాడ ఎవరన్నా పేపరు చదువుతుంటే కింద కూర్చుని వినేటోడు. 'పేపర్ల పడ్డదంటే నిజమే ఉంటది బిడ్డా' అనేటోడు. ఆ నమ్మకం గురించే నాలుగు మాటలు చెప్పడానికి నిలబడ్డాను.

కొన్నేళ్ల కింద మా బడిలో ఒక పిల్లవాడు చదివేవాడు. అప్పుడు పిల్లవాడనే అనుకున్నాం. మన వాడ బిడ్డే. లెక్కల్లో గట్టి. నడక, మాట ఆడపిల్ల లెక్క ఉన్నయని తోటి పిల్లలు పెట్టని పేరు లేదు. నేను ఆపానా? లేదు. 'మగపిల్లాడిలా నడువురా' అని నేనూ అన్నాను. పదో తరగతి పరీక్ష రాయకుండానే ఊరు విడిచి పోయింది. మొన్న జిల్లా పేజీలో ఆమె ఫోటో చూశాను. పైన 'హిజ్రాల వీరంగం' అని హెడ్డింగు. కింద అమ్మానాన్న పెట్టిన పాత పేరు, పక్కన 'అలియాస్', ఆ తర్వాత ఆమె పెట్టుకున్న పేరు. ఆ పేర్లు నేనిక్కడ చెప్పను. చెబితే ఆ పేపరు చేసిన పనే నేనూ చేసినట్టు.

వెళ్లి కలిశాను. జరిగిందేమిటి? అడ్వాన్సు తీసుకుని ఇల్లు కిరాయికిచ్చిన ఆసామి, చుట్టుపక్కలవాళ్లు గునిసేసరికి సామాన్లు బయట పారేశాడు. అడ్వాన్సు తిరిగివ్వమని ఆమె, ఇద్దరు స్నేహితులు వెళ్లి గట్టిగా అడిగారు. ఆయన స్టేషన్‌కు ఫోన్ చేశాడు. అంతే, అది 'వీరంగం' అయింది. వార్తలో ఇంటాయన మాట ఉంది, ఎస్సై మాట ఉంది. ఆమె మాట ఒక్కటీ లేదు. అడ్వాన్సు సంగతి అసలే లేదు.

ఆ విలేకరి కూడా మనోడే. అడిగితే, 'సార్, స్టేషన్ల చెప్పిందే రాసిన, హెడ్డింగు డెస్కోళ్లు పెట్టిన్రు' అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. సరైన జీతం లేని కొలువు. ఎస్సైతో తగువు పెట్టుకుంటే రేపటి నుంచి వార్త దొరకదు. కానీ ఆ డెస్కులో కూర్చున్నదెవరు? అక్కడ ఎన్ని కులాలున్నాయి? హిజ్రా ఒక్కరన్నా ఉన్నారా?

మిత్రులారా, 'అలియాస్' అనే మాట ఎవరికి రాస్తారో గమనించండి. సినిమా హీరో పేరు మార్చుకుంటే రాయరు. కవి కలం పేరు పెట్టుకుంటే రాయరు. దొంగకు రాస్తారు, నక్సలైటుకు రాస్తారు, హిజ్రాకు రాస్తారు. ఆ ఒక్క మాటతోనే తీర్పు అయిపోతుంది. ఇక కింద ఏం రాసినా చదివేవాడు నేరస్తుడి కథగానే చదువుతాడు.

ఇది మనకు కొత్తా? 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి కాలువలో పడేశారు. ఈనాటికీ మన వాడ మీద గుంపు పడి కొడితే 'రెండు వర్గాల మధ్య ఘర్షణ' అని రాసే కలాలున్నాయి. కొట్టినోడూ కొట్టించుకున్నోడూ ఒకే తక్కెడలో సమానమైపోతారు. ఆ అన్యాయం మనకు అర్థమైతది. మరి 'హిజ్రాల ఆగడాలు' అని చదివినప్పుడు మనమెందుకు నవ్వి పేజీ తిప్పుతున్నాం?

ఈ ముద్ర ఎక్కడ పుట్టిందో చూడండి. 1871లో తెల్లదొరలు నేరస్త తెగల చట్టం తెచ్చారు. ఒకే చట్టంలో మొదటి భాగం సంచార జాతుల మీద, రెండో భాగం హిజ్రాల మీద. తర్వాత ఆ నేరస్త తెగల ముద్రతోనే మన ఎరుకల సోదరులను స్టువర్టుపురంలో పెట్టి హాజరు వేయించారు. 1952లో చట్టం పోయింది. 'స్టువర్టుపురం దొంగలు' అనే మాట పోయిందా? నైజాములో కూడా 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాల మీద చట్టం చేశారు. పిల్లల్ని ఎత్తుకుపోతారని అనుమానం ఉన్నవాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. చీర కట్టి వీధిలో కనబడితే, పాడితే, ఆడితే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు.

నూరేళ్లు గడిచాయి. 2018 మే 26 రాత్రి హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారు మీద గుంపు పడి ఒక ట్రాన్స్ మహిళను కొట్టి చంపింది. పుకారు ఫోన్లలో తిరిగిందన్నది నిజమే. కానీ ఆ పుకారు మొలకెత్తడానికి నేల దున్ని పెట్టిందెవరు? చట్టం దున్నింది. సినిమా దున్నింది. రోజుకో 'వీరంగం', రోజుకో 'హల్‌చల్' రాసిన పేపరూ దున్నింది. కాగితం మీద మాట కాగితం మీదే ఉండదు. అది కర్రై లేస్తది.

2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ 1919 చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను వర్తింపజేయమంది. అంతకుముందే 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తాము ఆడో మగో వేరో చెప్పుకునే హక్కు వాళ్లదేననీ, వెనుకబడిన తరగతులుగా చూసి రిజర్వేషన్లు ఇవ్వాలనీ చెప్పింది. ఈ సభలో ఈ రెండు తీర్పుల సంగతి ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. నాలుగు చేతులు. 'వీరంగం' వార్త ఎంతమంది చదివారు? చూడండి, అందరూ.

వాళ్లు వేరు, మనం వేరు అనుకునేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక 'ఇతరులు' గడిలో దేశంలో 4,87,803 మంది రాయించుకున్నారు. అందులో 78,811 మంది షెడ్యూల్డ్ కులాలవాళ్లు. దేశంలో నూటికి 74 మందికి చదువొస్తే, ఆ గడిలోవాళ్లలో నూటికి 56 మందికే వచ్చు. వాళ్లను బడి నుంచి తరిమింది నాలాంటి పంతుళ్లే. తమిళనాడులో గ్రేస్ బాను అనే దళిత ట్రాన్స్ మహిళ, ఏ కులంలో పుట్టినవాళ్లకు ఆ కులం కోటాలోనే ట్రాన్స్‌జెండర్లకు వాటా ఇవ్వాలని పోరాడుతున్నారు. అది మన డిమాండు కావద్దా?

ఇక మన తప్పు మనం ఒప్పుకోవాలె. ఎమ్మార్వో ఆఫీసు ముందు ధర్నా చేసినప్పుడు 'చేతగాకపోతే గాజులు తొడుక్కోండి' అని నేనే మైకులో అరిచాను. అధికారిని తిట్టడానికి 'కొజ్జా' అన్న మాట మన కరపత్రాల్లో కూడా పడింది. మన కులం పేరును తిట్టుగా వాడితే మన రక్తం ఉడుకుతుంది. ఇంకొకరి బతుకును మనం తిట్టుగా వాడితే మనువుకూ మనకూ తేడా ఏముంది?

అందుకని కార్యకర్తలకు మూడు పనులు చెబుతున్నాను. ఒకటి: మన కరపత్రాల్లో, పాటల్లో ఆ తిట్లు ఈ రోజుతో బంద్. వాళ్లను వాళ్లు పెట్టుకున్న పేరుతోనే పిలవాలె. రెండు: అడ్డగోలు వార్త పడితే కత్తిరించి తారీఖు రాసి దాచండి. ముందు ఎడిటరుకు ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు పంపండి. దినపత్రిక మీద ఫిర్యాదు రెండు నెలల్లోపు చేయాలి. కౌన్సిల్ జైల్లో వేయలేదు, మందలించగలదు. ఆ మందలింపు కూడా ఒక కాగితమే, మనకు పనికొస్తది. మూడు: మన ఊరి విలేకరికి వాళ్లను పరిచయం చేయండి. 'అవతలి మాట కూడా రాయి తమ్మీ' అని అడగండి.

మన గొంతు రాసే పేపరు లేదనే బాబాసాహెబ్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పెట్టారు. మూగవాళ్ల నాయకుడని దాని అర్థం. ఈ పత్రికా ఆ తొవ్వలోదే. వచ్చే సంచికలో ఆ అడ్వాన్సు కథను ఆమే స్వయంగా రాస్తానంది. ఆమె పెట్టుకున్న పేరుతోనే అచ్చవుతుంది. పక్కన 'అలియాస్' ఉండదు.

మా అయ్య ఇప్పుడు లేడు. ఉంటే ఆ పేజీ చదివి వినిపించి, 'అయ్యా, ఇది నిజం' అని చెప్పేవాణ్ణి.

జై భీమ్!