కడుపునొప్పీ, పరధ్యానమూ

పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా గమనించలేదని ఇంట్లో మాట పడుతున్నారా? బొడ్డుకు పైన, రొమ్ముటెముక కింద మంటగా నొప్పి కూడా ఉంటోందా? ఒకటి పరధ్యానమనీ, రెండోది గ్యాసనీ విడదీయకండి. రెండింటికీ మూలం ఒక్కటే కావచ్చును.

కడుపులో పుండు పడితే ఒక్కోసారి కొద్దికొద్దిగా నెత్తురు కారుతూ ఉంటుంది. కంటికి కనబడదు. నెలలు గడిచేసరికి రక్తహీనత! మెదడుకు ప్రాణవాయువును మోసేది రక్తమే కదా, అది పలచబడితే నీరసం, ఆయాసం, ఏ పనిమీదా మనసు నిలవకపోవడం. ఆడవాళ్ళ రక్తహీనత అనగానే నెలసరి మీదికి తోసేసి ఊరుకుంటారు, అదే నాకు నచ్చదు.

పుళ్ళకు కారమే కారణమని మన నమ్మకం. కాని చాలా పుళ్ళకు మూలం హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి. దాన్ని కనిపెట్టిన ఆస్ట్రేలియా డాక్టర్లు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. మందులతో అది నయమవుతుంది. రెండో కారణం, మనకు మనమే కొనుక్కుని మింగే ఆస్పిరిన్, బ్రూఫెన్‌లాంటి నొప్పి బిళ్ళలు. అందరికీ వడ్డించి మనం కూర్చునేసరికి ఆ బిళ్ళ ఎప్పుడో లోపలికి పోయి ఉంటుంది!

రక్తపరీక్ష చేయించుకోండి. గర్భిణులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. ఉత్త ఇనుము బిళ్ళలతో సరిపెట్టుకుంటే చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. వాడే బిళ్ళల పేర్లన్నీ రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. విరేచనం తారులా నల్లగా అయితే మాత్రం పండుగనీ, చుట్టాలొచ్చారనీ ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.