తొమ్మిదో తరగతిలో టెస్టర్

తార్నాక నుంచి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచి, ఆర్ట్స్ కాలేజీ ముందు ఒక్క క్షణం ఆగండి. 1939లో ప్రారంభమైన ఆ భవనంలో చదువు ఎంతుందో, రాయి చెక్కిన చేతుల నేర్పూ అంతే ఉంది.

ఆ రెండూ బడిలోనే కలవాలి. సమగ్ర శిక్ష పథకం కింద కొన్ని సర్కారు బళ్లలో తొమ్మిదో తరగతి నుంచే వృత్తి కోర్సులున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే చేతిపనులు పరిచయం చేయమంటోంది. టెస్టర్ పెట్టి ఫేజు ఏదో, న్యూట్రల్ ఏదో తేల్చుకున్న పిల్లకు కరెంటు పాఠమంటే భయముండదు.

పది తర్వాత పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నెగ్గితే ఇంజినీరింగు రెండో ఏడాదిలోనే చేరొచ్చు. చేతిపని చదువుకు అడ్డు కాదు, మెట్టు. ప్రతి సర్కారు హైస్కూల్లో ఒక వర్క్‌షాపు ఉండాలని అందరం అడుగుదాం.