ఆటలో అదబ్

(మన సంస్థ వార్షిక సభలో ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఫీజుల లెక్కలు, పుస్తకాల లెక్కలు కార్యదర్శి గారు చెప్పేశారు. మా ఉపాధ్యాయుల వంతుకు సెల్‌ఫోన్ ఆటలు, వాటి మర్యాదలు వచ్చాయి. దావత్‌కు ముందు మాట్లాడేవాళ్లు తొందరగా ముగించడం కూడా ఒక మర్యాదే. కనుక ఎక్కువ సమయం తీసుకోం.

దాతల్లో కొందరు మమ్మల్ని సూటిగానే అడుగుతున్నారు. "కరోనా కాలంలో చదువుల కోసం ఫోన్లు ఇప్పించాం. పిల్లలు వాటిలో ఆటలాడుతున్నారట కదా, సార్?" అని. ఆడుతున్నారు. 2020 సెప్టెంబర్ 1న టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిల్లో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. సరిగ్గా ఆ మర్నాడే కేంద్ర ప్రభుత్వం పబ్‌జీని నిషేధించింది. పాఠం వచ్చింది, ఆట పోయింది అని మేము సంబరపడేలోగా పిల్లలు ఫ్రీ ఫైర్‌లోకి దూకారు. 2022 ఫిబ్రవరిలో దాన్నీ నిషేధించారు. అప్పటికే పబ్‌జీ పేరు మార్చుకుని బీజీఎంఐగా తిరిగొచ్చింది. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తెరుచుకుంటూనే ఉంది. అందుకే పిల్లల ఆటల విషయంలో నిషేధం మీద మాకు అంత నమ్మకం లేదు.

డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. అక్కడ నిషేధమే సరి. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి, రమ్మీతో సహా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నీ వద్దంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఇంకా ముందుకు పోయింది. అలాంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంది. వాటికి ప్రకటనలిచ్చినా శిక్ష ఉంది. ఇంట్లో చెబితే కొడతారని దాచి, పోయింది రాబట్టాలని ఇంకో అప్పు చేసేవాడే నిండా మునుగుతాడు. కాబట్టి తల్లిదండ్రులకు ఒక్కటే మాట. పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు ముందు చెయ్యి ఎత్తకండి, 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో డబ్బు మోసపోయినవారి కోసం పెట్టిన నంబరు అది. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఇక డబ్బు లేని ఆటలు. పెద్దవాళ్లలో చాలామంది వీటిని దూరం నుంచి తిట్టడమే గాని పక్కన కూర్చుని చూసినవారు తక్కువ. మేము చూశాం. వందమంది దాకా ఒక దీవిలో దిగుతారు. నలుగురు నలుగురు జట్లు. ఒక ఆట అరగంట దాకా సాగుతుంది. మధ్యలో ఆపడానికి వీలుండదు. ఒకడు లేచిపోతే మిగతా ముగ్గురు ఇరుక్కుంటారు. అమ్మ అన్నానికి పిలిస్తే వాడు "ఆగమ్మీ" అంటాడు. ఆమెకు అది ఎదురు మాట. వాడికి అది మిత్రులకిచ్చిన మాట. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ఇళ్లలో రాత్రి గొడవ ఉండదు. అన్నం ఎప్పుడో ఆట మొదలుపెట్టకముందే చెప్పాలి. "ఇంకొక్కటి" అనే రెండో ఆట మాత్రం ఒప్పుకోకూడదు!

అసలు బాధ ఆటలో లేదు, ఆ మైకులో ఉంది. రాయరావు చెరువు కట్ట మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న పిల్లల మాటలు ఒక్క పది నిమిషాలు వినండి. మా తరగతిలో "మే ఐ కమిన్ సార్" అని నిలబడే పిల్లవాడేనా వీడు అనిపిస్తుంది. ముఖం తెలియని వాణ్ని తల్లిని చేర్చి తిడతాడు. వాడు ఇంకోటి అంటాడు. ఆడపిల్లలైతే మైకు తెరవనే తెరవరు. గొంతు వినబడిందంటే ఆట పక్కకుపోయి వెకిలి మాటలు మొదలవుతాయని మా పదో తరగతి అమ్మాయి ఒకతి చెప్పింది. ఆమె అబ్బాయి పేరు పెట్టుకుని, నోరు మెదపకుండా ఆడుతుంది. బాగా ఆడుతుందట కూడా.

మన కాలంలో చబుత్రా మీద క్యారమ్ ఆడినప్పుడు తిట్లు లేవా? ఉన్నాయి. కాని పక్కన ఒక చాచా బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. నోరు జారితే నెత్తి మీద ఒకటి పడేది. చదరంగంలో పావును ముట్టుకుంటే కదపాల్సిందే. అది పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఎదుటివాడు చెయ్యి పట్టుకుని నేర్పాడు. వరంగల్ అబ్బాయి అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్‌లో 2800 రేటింగ్ దాటాడని పిల్లలకు గర్వంగా చెబుతుంటాం. అంతటివాడైనా ఆట ముందు, ఆట తర్వాత చెయ్యి కలపాల్సిందే. ఫోన్ ఆటలో ఆ చాచా లేడు, ఆ చెయ్యీ లేదు. పిల్లలు ఒంటరిగా లేరు. పెద్దలే లేరు.

పెద్దలు ఉంటే ఎలా ఉంటుందో కూడా మేము చూశాం. మా విద్యార్థి ఒకడి తండ్రి సౌదీలో డ్రైవర్. శుక్రవారం ఆయనకు సెలవు. ఆయన అక్కడ, తల్లీ ఇద్దరు పిల్లలూ ఇక్కడ, ఫోన్‌లో లూడో ఆడతారు. మన పచ్చీసే ఇంగ్లండు పోయి లూడో అయి తిరిగొచ్చింది లెండి. ఓడినవాళ్లు అబ్బాకు వారం సంగతులన్నీ చెప్పాలని షరతు. వాడు కావాలనే ఓడిపోతాడేమోనని మా అనుమానం.

పిల్లల సంగతి అయింది. మన సంగతి? హైదరాబాద్ బస్సులో గట్టిగా రీల్స్ పెట్టేవారిలో తెల్లగడ్డాలు తక్కువేమీ లేవు. దావత్‌లో ఎదుట మనిషి మాట్లాడుతుంటే ఒళ్లో ఫోన్ చూసుకుంటాం. చనిపోయినవారి వార్త కింద దుఆ, దాని కిందే ప్లాట్ల అమ్మకం ప్రకటన. ఇవి చిన్నవి, నవ్వుకుని వదిలేద్దాం.

ఒకటి మాత్రం చిన్నది కాదు. ఈ మాట దాతల ముందే చెప్పాలని వచ్చాం. సాయం తీసుకుంటున్న పిల్లల ఫొటోలు గ్రూపుల్లో పెడుతున్నాం. మా బడిలో ఒక అమ్మాయి ఏడాది కింద స్కాలర్‌షిప్ చెక్కు అందుకున్న ఫొటో ఏ గ్రూపు నుంచి ఏ గ్రూపుకు పోయిందో, చివరకు ఆమె తరగతి పిల్లల ఫోన్లలోకి చేరింది. ఎవరో దాన్ని స్టిక్కర్ చేశారు. ఈ ఏడు దరఖాస్తు ఫారం ఇస్తే "వద్దు టీచర్" అంది. ఇంట్లో అవసరం తీరలేదు, అలాగే ఉంది. మేము చెప్పి చూశాం, తల్లి బతిమాలింది, ఆమె సంతకం పెట్టలేదు. రహస్యంగా ఇచ్చిన దానానికి ఎంత విలువో మనకు చిన్నప్పటి నుంచి చెప్పారు. ఇచ్చినవారికి రసీదు కావాలి, నిజమే. లెక్క కావాలి, అదీ నిజమే. ఆ రెండూ కాగితం మీద ఇవ్వొచ్చు. ముఖం అక్కర్లేదు.

కనుక ఉపాధ్యాయులుగా రెండు కోరుతున్నాం. ఈ సభలో ఇప్పుడు ఇవ్వబోయే చెక్కుల నుంచే ఫొటోలు ఆపండి. స్టేజీ మీదికి పిలవకండి, ఆఫీసు గదిలో ఇవ్వండి. ఆ అమ్మాయి ఫారం ఇంకా మా దగ్గరే ఉంది. కమిటీ ఈ మాట ఒప్పుకుంటే రేపు మళ్లీ ఇంటికి వెళ్తాం.

రెండోది, సంస్థ భవనంలో ఖాళీగా ఉన్న వెనక గదిని మగ్రిబ్ నుంచి ఇషా దాకా పిల్లలకు తెరవండి. ఆడపిల్లలకు ఆదివారం పగలు వేరే సమయం. క్యారమ్ ఉంటుంది, చదరంగం ఉంటుంది. ఫోన్ ఆట కూడా ఆడొచ్చు, కాని ఇయర్‌ఫోన్ ఉండదు, స్పీకర్ మీదే ఆడాలి. గదిలో అందరికీ వినబడితే ఎవరు ఏమంటున్నారో తెలిసిపోతుంది. రోజూ ఒక పెద్దమనిషి కుర్చీ వేసుకుని కూర్చోవాలి. మేము నలుగురం వంతులు వేసుకున్నాం, సోమవారం నుంచి గురువారం దాకా. మిగిలిన మూడు రోజులకు పేర్లు కావాలి. రెండు క్యారమ్ బోర్డులు కూడా కావాలి. పౌడర్ మేము తెస్తాం.