వికీపీడియాలో మాటా మర్యాదా
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుమాస్తాగా ముప్పై మూడేళ్లు ఫైళ్లు నడిపాను. ఇప్పుడు రోజూ ఉదయం కాఫీ తాగాక ఒక గంటసేపు తెలుగు వికీపీడియాలో వ్యాసాలు దిద్దుతుంటాను. అక్కడ జీతం లేదు, ఇంక్రిమెంటు లేదు, పై అధికారీ లేడు. తగాదాలకు మాత్రం కొదవ లేదు. వాటిని ఎలా తీర్చుకుంటారో మనవి చేస్తాను.

వికీపీడియా 2001 జనవరి 15న ఆంగ్లంలో ప్రారంభమైంది. తెలుగులో 2003 డిసెంబరులో మొదలైంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసినదైనా మరొకరు దిద్దవచ్చు. ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకు ఏమి మార్చారో 'చరిత్ర' పేజీలో నమోదవుతుంది. పక్కనే 'చర్చ' పేజీ ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే వ్యాసం ఫెయిర్ కాపీ, చర్చ నోటు ఫైలు. నోటు కింద సంతకం, తేదీ ఉండాలి. ఒకరి నోటును మరొకరు దిద్దకూడదు. తన మాట వెనక్కు తీసుకోదలచినవారు చెరిపేయకుండా అడ్డగీత కొడతారు, మనం రిజిస్టర్లలో కొట్టినట్లే.

ఒకరు రాసినది మరొకరు తీసేస్తారు, ఆయన మళ్లీ పెడతారు. ఈ పంతాలు ముదరకుండా ఆంగ్ల వికీపీడియాలో ఒక నియమం ఉంది. ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను తిరగ్గొట్టినవారిని రాయకుండా నిరోధించవచ్చు. ఇక మర్యాదలు: ఎదుటివారు సదుద్దేశంతోనే రాశారని ముందు నమ్మాలి. రాతను విమర్శించాలి గాని మనిషిని కాదు. కొత్తవారిని కసురుకోరాదు. తన సంఘం గొప్పలు తానే రాసుకోరాదు.

పోలండులోని గ్డాన్స్క్ నగరానికి జర్మన్ పేరు డాంజిగ్. ఏ పేరు వాడాలన్నదానిపై పెద్ద రభస జరిగింది. చివరకు 2005లో ఓటింగు పెట్టి, 1308 నుంచి 1945 వరకు జరిగిన సంగతులకు డాంజిగ్ అనీ, మిగతా కాలానికి గ్డాన్స్క్ అనీ తేల్చారు.

మా ఊరి వ్యాసంలోనూ ఇలాంటిదే వచ్చింది. పాత సంగతి చెబుతూ నేను 'తాలూకా' అని రాస్తే, ఒక యువకుడు 'మండలం' అని మార్చాడు. మండలాలు వచ్చింది 1985లో గదా అని చర్చలో రాశాను. "ఆధారం చూపండి సార్" అన్నాడు. 1971 జనాభా లెక్కల జిల్లా పుస్తకంలో మా ఊరు ఏ తాలూకాలో ఉందో పేజీ నంబరుతో సహా ఇచ్చాను. అప్పుడు రెండు పేర్లనూ సంవత్సరాలతో అతడే చేర్చి, ధన్యవాదాలు చెప్పాడు.

మనవడి వయసువాడు ఆధారం అడిగితే మనసు చివుక్కుమనడం సహజం. "నేను ఆ ఆఫీసులోనే పనిచేశాను" అన్నమాట అక్కడ చెల్లదు. అది అవమానం కాదు. జీవో నంబరు లేకుండా మనం మాత్రం ఫైలు కదిపామా? అలిగి మానుకుంటే మనకు తెలిసినవి మనతోనే పోతాయి. అటక మీది పాత సావనీర్లు, గెజిటీర్లు, అచ్చయిన జీవోలు దింపండి. వాటితోనే ఆ పిల్లలకు మనతో పని.