దివ్యాంగుల భృతి – నిర్ణయవిధానము

 

జనకుని వాకిట ద్వారపాలకుడు అడ్డగింపగా అష్టావక్రుడు మరలిపోలేదు. మాటకు మాట చెప్పి లోనికేగెను. మన అరకులోయ గూడెములలో పెక్కురు ‘కాదు’ అన్నంతనే ఇంటిదారి పట్టుచున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మన రాష్ట్రమున 2024లో దివ్యాంగుల భృతి నెలకు 6,000 రూపాయలైనది. పూర్తిగా మంచము పట్టినవారికి 15,000. దీనికి మూలము సదరం పత్రము. సచివాలయమున పేరు వ్రాయించుకొని, నిర్ణయించిన దినమున ఆసుపత్రికి పోవలెను. వైద్యులు వైకల్యమును నూటికి ఇంతయని లెక్కింతురు. 40కి తగ్గినచో భృతి లేదు. వారు కొలుచునది దేహశక్తిని గాని పేదరికమును గాదు. పేదరికపు విచారణ వేరుగా జరుగును. ఈ భేదమెరుగక పలువురు వైద్యునియెదుట కష్టములు చెప్పి, బాధ చెప్పుట మరచుచున్నారు.

2016 నాటి చట్టము 21 వైకల్యములను గుర్తించినది. మన మన్యమున కానవచ్చు సికిల్ సెల్ రక్తవ్యాధియు అందొకటి. కాలుసేతులు బాగున్నంత మాత్రమున దివ్యాంగుడు కాడనుట తగదు.

వైకల్యము లేదని తేల్చినచో ఆ మాట వ్రాతమూలకముగా తెలుపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. అప్పీలు హక్కునుగూడ ఇచ్చినది. కావున నోటిమాటతో మరలి రావలదు, కాగితమడుగుడు. పాత వైద్యపు చీటీలు భద్రపరచుడు.

చదువురాని పొరుగువానికి దరఖాస్తు వ్రాసిపెట్టుటకంటె ఈ గ్రంథాలయ పాఠకులకు మించిన రజతోత్సవము లేదు.