కత్తి పట్టిన తోటరాముడు

1963 నాటి ‘జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్’ సినిమాలో గ్రీకు వీరుడు జేసన్ బంగారు గొర్రెతోలు కోసం ఓడెక్కుతాడు. చివర్లో నేలలోంచి లేచిన ఏడు అస్థిపంజరాలతో కత్తియుద్ధం! స్పెషల్ ఎఫెక్ట్స్ నిపుణుడు రే హ్యారీహౌసన్ ఆ అస్థిపంజరాల బొమ్మల్ని ఫ్రేము ఫ్రేముకీ కొద్దికొద్దిగా కదిలిస్తూ, ఆ ఒక్క పోరాటానికే నాలుగు నెలలకు పైగా శ్రమపడ్డారు.

అంతకు పన్నెండేళ్ళ ముందే మన మద్రాసులో ‘పాతాళభైరవి’ తయారైంది. 1951లో అది విడుదలైంది. తమిళనాట ఉన్న తిరుత్తణి, తిరువళ్ళూరు తెలుగువారికీ ఈ సినిమా పరాయిది కాదు; తమిళంలోనూ వచ్చింది కాబట్టి ఇరుగుపొరుగు తమిళులకీ తెలుసు.

జేసన్ రాజకుమారుడు. ‘పాతాళభైరవి’ కథానాయకుడు, మన తోటరాముడు తోటమాలి కొడుకు. నాకు నచ్చేది సరిగ్గా అదే. రాకుమారి కోసం, రాజు అడిగిన ఐశ్వర్యం కోసం నేపాళ మాంత్రికుడి వెంట బయలుదేరతాడు. తనను బలివ్వాలని చూసిన ఆ మాంత్రికుణ్ణే బలిచ్చి, కోర్కెలు తీర్చే ప్రతిమను సాధిస్తాడు. తోటరాముడిగా నటించిన ఎన్.టి.రామారావుకు దీటుగా ఎస్.వి.రంగారావు మాంత్రికుడై తెరంతా తానే అయ్యారు. దర్శకుడు కె.వి.రెడ్డి కథను ఎక్కడా జారనివ్వలేదు. మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో చేసిన మాయలు ఇప్పటికీ పిల్లల కళ్ళను కట్టిపడేస్తాయి.

ఈ సెలవుల్లో రెండు సినిమాలూ ఇంటిల్లిపాదీ కలిసి చూడండి. ముందు మాత్రం ‘పాతాళభైరవి’ చూడండి.