జ్వరం తగ్గిన తర్వాత
(నంద్యాలలో జరిగిన శ్రామిక మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆళ్లగడ్డ వైపు పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు, నంద్యాలలో నాలుగిళ్ల పని ముగించుకుని వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఈ పూట కూలి పోగొట్టుకుని వచ్చారు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను. జబ్బు గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మనం జ్వరం గురించి, ఆస్పత్రి గురించి, చావు గురించి మాట్లాడతాం. జ్వరం తగ్గాక నెలల తరబడి వెంటాడే జబ్బు గురించి మాత్రం మాట్లాడం. ఆ నెలల్లో ఆడమనిషి రెండు బాధలు పడుతుంది. ఒకటి ఒంట్లో నొప్పి. రెండోది, ఆ నొప్పి బయటపడితే పని పోతుందేమోనన్న భయం. ఈ రెండో బాధకు డాక్టర్ల దగ్గర మందు లేదు. అది హక్కుల ప్రశ్న.

మీలో వయసైన వాళ్లకి 2006 గుర్తుండే ఉంటుంది. చికున్ గున్యా మన దేశంలో 1973 తర్వాత మూడు దశాబ్దాల పాటు కనపడకుండా పోయి, 2005 చివర్లో మళ్లీ వచ్చింది. 2006లో దేశం మొత్తం మీద దాదాపు 13.9 లక్షల మందికి సోకినట్టు లెక్క వేశారు. మన రాయలసీమ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లే మంచం పట్టాయి. ఆ జబ్బు పేరు ఆఫ్రికాలోని మకోండే భాషది. వంగిపోయేలా చేసేది అని దాని అర్థం. కీళ్లు పట్టేసి, నడుములు వంగిపోయి, గోడ పట్టుకుని నడిచిన ఆడవాళ్లని చూసినవారికి ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడు నేను పరిశోధక విద్యార్థిని. ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో ఒక అక్క నాతో అన్నమాట ఇప్పటికీ మరిచిపోలేదు. “జొరం మూడు దినాల్లో పోయింది మేడం. నొప్పి పోలేదు. కొడవలి పట్టుకుంటే వేళ్లు ముడుచుకోవు. ఈ మాట మేస్త్రీతో అంటే రేపట్నించి పనికి పిలుస్తాడా?” ఆమె మూడు నెలలు ఆ నొప్పిని దాచుకుంది. తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచి, వేణ్ణీళ్లలో చేతులు పెట్టుకుని, వేళ్లు కదిలాక చేనికి పోయేది. సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి ముందు కూచునేది.

ఆ దోమ పగలు కుడుతుంది. ఇంట్లో, ఇంటి చుట్టూ నిలవ ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది. వారానికో రోజు నీళ్లొచ్చే ఊళ్లో ఆడవాళ్లు తొట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకోక ఏం చేస్తారు? నీళ్లు మోసేది ఆడది, దాచేది ఆడది. జబ్బు వచ్చాక ‘మీ ఇంట్లో నీళ్లు నిలవ పెట్టుకున్నారు కాబట్టే’ అని మాట పడేది కూడా ఆడదే. కుళాయి ఇవ్వని వాళ్లని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఇక పని సంగతి. నాట్లు, కలుపు, సీడ్ పత్తిలో క్రాసింగ్: మన ప్రాంతంలో ఆడవాళ్లు చేసే పనులన్నీ వేళ్లతో, నడుముతో చేసేవే. మొగ్గలోంచి కేసరాలు తీయాలంటే వేలికొసలు సరిగ్గా పనిచేయాలి. రోజుకూలి అయితే కొంత నిదానంగానైనా చేయొచ్చు. గుత్తకు ఒప్పుకున్న పని అయితే ముఠాలో ఒకరు వెనకపడితే అందరి కూలీ తగ్గుతుంది. అందుకని వెనకపడిన మనిషిని వదిలేసేది భూస్వామి కాదు, పక్కింటి చెల్లెలే. ఈ మాట అనడం నాకు కష్టంగానే ఉంది. కానీ మన మధ్య మనం నిజం మాట్లాడుకోకపోతే ఇంకెక్కడ మాట్లాడుకుంటాం? ఆ చెల్లెలు చెడ్డది కాదు. ఆమె పిల్లలకీ ఆకలే. మనల్ని మనమే ఏరివేసుకునేలా చేసే ఆ కూలి పద్ధతిని చూడాలి ముందు.

తర్వాత 2020లో కరోనా వచ్చింది. దేశంలో సుమారు పది లక్షల మంది ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. ప్రభుత్వం ఆ ఏడాది మార్చిలో ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటించింది. దానిలో ఆశాలు కూడా ఉన్నారు. మంచిదే. కానీ ఆ బీమా దేనికి? చనిపోతే. కరోనా వచ్చి, బతికి, ఆరు నెలలు మెట్లెక్కలేక, చెప్పింది గుర్తుండక, గుండెదడతో తిరిగిన ఆశాకి అందులో ఒక్క రూపాయి లేదు. మన వ్యవస్థకి రెండే రకాల మనుషులు తెలుసు: చచ్చినవాళ్లు, కోలుకున్నవాళ్లు. మధ్యలో మిగిలిన మనిషికి పేరు లేదు, పద్దు లేదు.

వైద్యంలో మాత్రం పేరు వచ్చింది. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్వచించింది. సాధారణంగా కరోనా సోకిన మూడు నెలలకి కనిపిస్తూ, కనీసం రెండు నెలలు కొనసాగే లక్షణాలు, వాటికి వేరే కారణం దొరకనప్పుడు, ఈ జబ్బు కిందికి వస్తాయి. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఇది ఎక్కువని అనేక పరిశోధనల్లో తేలింది. ఇంకో సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఈ జబ్బున్న చాలామందిలో ఓపికకి మించి పనిచేస్తే మర్నాడో, ఆ మర్నాడో ఒళ్లు ఇంకా కుంగిపోతుంది. ‘లేచి తిరిగితే అదే పోతుంది’ అనే మన పాత సలహా వీళ్లకి హాని చేస్తుంది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. 2021 వేసవిలో నాకూ వచ్చింది. అప్పుడు ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేదాన్ని. నలభై నిమిషాలు నిలబడి మాట్లాడితే సాయంత్రానికి పడిపోయేదాన్ని. క్లాసు మధ్యలో తెలిసిన మాటే నోటికి వచ్చేది కాదు. రక్తపరీక్షలన్నీ బాగున్నాయన్నారు. ‘టెన్షన్ తగ్గించుకోండమ్మా’ అన్నారు. కాంట్రాక్టు పొడిగించే నెల అది. కుర్చీ అడగడానికి భయపడ్డాను. స్త్రీల శ్రమ మీద డాక్టరేట్ తీసుకున్న మనిషిని, ఒక కుర్చీ అడగలేకపోయాను! ఆ ఏడాది నా కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా వాళ్లకి లేదు. వేణ్ణీళ్లలో చేతులు పెట్టుకున్న అక్క నాకు ఆ రోజు మళ్లీ గుర్తొచ్చింది.

ఇంట్లో పరిస్థితి మీకు నేను చెప్పాలా? మగవాడు మంచాన పడితే ఇల్లంతా కాళ్లు పడుతుంది. ఆడది పడుకుంటే ‘వంట ఎవరు చేస్తారు’ అన్న ప్రశ్న ముందొస్తుంది. నాలుగు రోజులు సానుభూతి, ఐదో రోజు ‘నటన’ అన్న మాట. ఇంటి చాకిరీకి సెలవు లేదు కాబట్టి జబ్బుకీ సెలవు లేదు.

చట్టం ఏమంటోంది? ఈఎస్ఐ ఉన్నచోట పనిచేసే వాళ్లకి అనారోగ్యంలో ఏడాదికి 91 రోజుల వరకు, వేతనంలో 70 శాతం వస్తుంది. ఆ భత్యం తీసుకుంటున్న కాలంలో ఉద్యోగం లోంచి తీసేయకూడదని 1948 చట్టంలోనే రాశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ తీసేయడానికి వీల్లేదు, తగిన వేరే పని ఇవ్వాలి. వినడానికి బాగానే ఉన్నాయి. కానీ చేలో కూలికి ఈఎస్ఐ లేదు. ఇళ్లల్లో పనిమనిషికి లేదు. ఏ రోజుకా రోజు మారే నొప్పీ నీరసమూ వైకల్యం కిందికి వస్తాయని నిరూపించుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? పైగా 2025 దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం దీర్ఘకాల అనారోగ్యం పేరుతో తీసేయడాన్ని రిట్రెంచ్‌మెంట్ లెక్కలోకే రానివ్వలేదు.

అంగన్‌వాడీల సంగతి చూడండి. సెలవు, జీతం అడిగితే ‘మీరు ఉద్యోగులు కాదు, గౌరవ వేతనం మీద సేవ చేస్తున్నారు’ అంటారు. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో వాళ్లు సమ్మెకు దిగితే, 2024 జనవరిలో అత్యవసర సేవల చట్టం, ఎస్మా ప్రయోగించారు. హక్కు అడిగినప్పుడు సేవకురాలు, పని ఆపినప్పుడు అత్యవసరం! అయినా వాళ్లు 42 రోజులు నిలబడ్డారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకి గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పింది. అదీ ఒకరు పోయి అడిగితే వచ్చింది కాదు, ఏళ్ల తరబడి పోరాడితే వచ్చింది. 1961లో ప్రసూతి చట్టం వచ్చేదాకా కాన్పుకి సెలవు అనేది కూడా చాలామంది యజమానులకి గొంతెమ్మ కోరికలాగే వినపడి ఉంటుంది.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. 2022లో నంద్యాల జిల్లా అయింది, 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. వైరస్ జ్వరాల తర్వాత మిగిలే బాధలకి ఇక్కడి ప్రభుత్వాస్పత్రిలో వారానికి ఒక రోజైనా ప్రత్యేక ఓపీ ఉండాలి. ఆశా, అంగన్‌వాడీ, పారిశుధ్య కార్మికులకి జీతంతో కూడిన అనారోగ్య సెలవు కావాలి, కోలుకునేదాకా తేలిక పని కావాలి. కాంట్రాక్టు పొడిగించకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

మన చేతుల్లో ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి. ఆస్పత్రి చీటీలు పారేయకండి, తేదీల వారీగా దాచండి. తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. సెలవు అడిగేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరినైనా వెంట తీసుకెళ్లండి. నేను చూసిన ఒక ముఠాలో, కీళ్లు పట్టేసిన ఒకామెకి నాట్లు మానిపించి పిల్లల్ని చూసుకునే పని, నీళ్లందించే పని ఇచ్చారు. కూలి మాత్రం సమానంగా పంచుకున్నారు. అలా ఎందుకు చేశారని అడిగితే, వాళ్లలో ఒక పెద్దామె నవ్వి, “రేపు నాకొస్తే?” అంది.

నాకు తెలిసిన సామాజిక భద్రతా సిద్ధాంతాలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఆమె తన ముఠాకి చేసినంత ప్రభుత్వం మనందరికీ చేయాలని అడుగుదాం. అడగడానికి ముందు, నొప్పిగా ఉందని ఒకరితో ఒకరం దాపరికం లేకుండా చెప్పుకుందాం. ఈ సభలోనే ఆ పని మొదలుపెడదాం. తర్వాత మాట్లాడాల్సింది మీరు.